తులం లక్షా ఇరవై రెండు వేలు... చెల్లె లగ్గానికి 5 తులాల మాట ఇచ్చి కూసున్నం, ఏం చేయాలె?

చండూరు_పత్తిచేను
2025 నవంబర్ 8, రాత్రి 9:40

అందరికి నమస్తే. ఎప్పుడైన పత్తి మందు గురించో బత్తాయి తెగులు గురించో అడగనీకె ఇక్కడికి వస్త, ఇయ్యాల ఇంటి సంగతి రాస్తున్న, తప్పు అనుకోకున్రి. మా చెల్లెకు మొన్న మార్చిల సంబంధం ఖాయమైంది. పిల్లగాడు మంచోడు, నకిరేకల్ అవతల వాళ్లది, వాళ్లదీ ఎవుసమే. నలుగురు కూసున్న కాడ మా నాయిన 5 తులాలు పెడత అని మాటిచ్చిండు, అప్పుడు తులం 90 వేల లోపట్నె ఉండె.

ఏప్రిల్ మొదట్ల అందరి ఫోన్లకు ఒక వీడియో వచ్చింది, యాదికున్నదా, అమెరికాల ఒక అనలిస్టు చెప్పిండట బంగారం 38 శాతం పడిపోతదని, తులం 55 వేలకు వస్తదని. టీవీల అదే, యూట్యూబ్ల అదే, వాట్సాప్ల అదే. అప్పుడు మా చేతుల బత్తాయి పైసలు రెండు లక్షల చిల్లర ఉండె, రెండు తులాలు కొందామని నల్లగొండకు బయలెల్లినోళ్లం, నాయిన ఆ వీడియో చూసి ఆగుదాం బిడ్డా సగానికి వస్తది అన్నడు. అదే నెల 22 తారీఖు తులం లక్ష తాకింది. దీపావళికి లక్షా ముప్పై. ఇప్పుడు జెర దిగి లక్షా ఇరవై రెండు దగ్గర ఉన్నది. ఆ రెండు లక్షలు ఏడ పోయినయంటే మందు బస్తాలకు, కలుపు కూళ్లకు, అమ్మ కండ్ల ఆపరేషన్‌కు పోయినయి.

లగ్గం మూఢాలు పోయినంక ఫాల్గుణంల. చేన్ల ఉన్నదేమో మొంథా తుఫానుకు తడిసిన పత్తి. 5 తులాలంటే మజూరి, జీఎస్టీ కలిపి ఆరు లక్షలు దాటుతున్నది. నాయిన రాత్రి పండుకుంటలేడు. ఆ వీడియో ముచ్చట ఇంట్ల ఎవ్వలం ఎత్తం, ఎత్తితే లేచి బయటికి పోతడు. ఎకరం అమ్ముదాం అంటున్నడు. మీ ఇండ్లల్ల ఎట్ల చేస్తున్నరు? ఎవలన్న ఇట్లాంటి దాంట్లకెల్లి బయట పడ్డోళ్లుంటే చెప్పున్రి.


దేవరకొండ_పంతులు
నవంబర్ 8, రాత్రి 10:15

తమ్మీ, ఎకరం మాత్రం అమ్మొద్దని ముందుగాల మీ నాయినకు చెప్పు. మీ దిక్కు ఇయ్యాల అమ్మిన ఎకరం మళ్లీ రైతు చేతికి రాదు, చౌటుప్పల్ రోడ్డు పొంటి వెంచర్లు ఎట్లా లేచినయో రోజూ చూస్తూనే ఉన్నాం.

ఇంకో మాట, నొచ్చుకోవద్దు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి ఉంది. ఇచ్చినా తప్పే, తీసుకున్నా తప్పే. మనం దానికి పెట్టుపోతలని, మర్యాదని పేర్లు మార్చుకుంటున్నం. ఎవరూ అడగకుండా ఇష్టంతో ఇచ్చే వాటికి చట్టం ఒప్పుకుంటుంది కానీ అదైనా లిస్టు రాసుకోవాలి, ఇచ్చేవాళ్ల స్తోమతకు మించి ఉండొద్దని చట్టంలోనే ఉంది. ఆ స్తోమత అన్న మాటే మనం మర్చిపోయినం.


చండూరు_పత్తిచేను
నవంబర్ 8, రాత్రి 10:32

సార్, వాళ్లు నోరు తెరిచి అడగలె. మా నాయినే అన్నడు. మా పెద్దనాయిన బిడ్డకు 2019ల 5 తులాలు పెట్టిన్రు, మా చెల్లెకు తక్కువైతే ఊర్ల ఏమంటరు అని ఆయన రంది. అప్పుడు తులం 35 వేలు ఉండె, ఆ లెక్క ఎవలకు చెప్పినా ఇంటలేరు, 5 అంటే 5 అంతే.


సాగర్_ఎడమకాలువ
నవంబర్ 9, పొద్దున 6:05

రాత్రి చదివి నిద్ర పట్టలే, పొద్దున లేచి నోట్‌బుక్ తీసి లెక్క కట్టిన. మీ పెద్దనాయిన బిడ్డ లగ్గం కన్న ఇంకా ఎనుకకు, 2012కు పోదాం. అప్పుడు తులం 31 వేల దగ్గర. అప్పటి మద్దతు ధరలు నా పాత చిట్టాపుస్తకంల ఉన్నయి. ఏ గ్రేడు వడ్లు 1,280, పొడుగు పింజ పత్తి 3,900. అంటే తులం బంగారానికి 24 క్వింటాళ్ల వడ్లు అమ్మితే సరిపోయేది, పత్తి అయితే 8 క్వింటాళ్లు.

ఇప్పుడు వడ్లు 2,389, పత్తి 8,110. తులానికి వడ్లు 51 క్వింటాళ్లు, పత్తి 15 క్వింటాళ్లు. అది గూడ సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లు పూరా మద్దతు ధర పెడితే ముచ్చట. తడిసిన పత్తికి బయట వ్యాపారి మా దగ్గర ఆరు వేలు అంటుండు, ఆ లెక్కన 20 క్వింటాళ్లు. మీ దిక్కు ఎర్ర నేలల్ల, వాన మీద ఆధారపడ్డ చేన్లల్ల ఎకరాకు ఎంత ఎల్తది, ఏడెనిమిది? అంటే ఒక్క తులానికి రెండు మూడు ఎకరాల పంట.

కూలోళ్ల లెక్క ఇంకా కష్టం. ఉపాధి హామీ కూలి 2012ల 137 రూపాలు, ఇప్పుడు 307. అప్పుడు 226 రోజులు తట్ట మోస్తె తులం, ఇప్పుడు 397 రోజులు. ఏడాదికి పని ఇచ్చేదే వంద రోజులు, తిండి తినకుండ మొత్తం దాచినా నాలుగేండ్లు.

ధర పెరుగుడు ఒక్కటే కాదు తమ్మీ, మన చెమట ధర దాని ఎంబడి నడవలే. మీ నాయిన 5 తులాలు అన్నప్పుడు ఆయన మనసుల పాత క్వింటాళ్ల లెక్కనే ఉన్నది. ఈ కాయితం మీ వియ్యంకులకు చూపెట్టు, వాళ్లదీ ఎవుసమే అన్నవు కదా, సమజైతది.


మద్దూరు_టు_పుణె
నవంబర్ 9, పొద్దున 7:20

సాగర్ అన్నా లెక్క మంచిగ చెప్పినవ్. నేను పుణెల సెంట్రింగ్ పని చేస్త, రాత్రికి మా ఇంటి సంగతి రాస్త, ఇప్పుడు పనికి పోవాలె.


అవుసుల_కొలిమి
నవంబర్ 9, మధ్యాహ్నం 1:10

నేను సూర్యాపేటల అవుసుల పని చేసేటోణ్ణి, మా తాత కాలం సంది ఇదే కొలిమి. కొన్ని సంగతులు తెల్వక జనం నష్టపోతున్నరు, వివరంగ చెప్త.

టీవీల చెప్పే లక్షా ఇరవై రెండు వేలు 24 క్యారెట్ల బిస్కెటు ధర. నగ చేసేది 22 క్యారెట్ల తోని, 916 అంటరు చూడు అది. ఆ ధర ఇప్పుడు లక్షా 12 వేల దగ్గర. దాని మీద పెద్ద దుకాణాలల్ల మజూరి, తరుగు కలిపి 12 శాతం అనుకో, మోడల్‌ను బట్టి 18, 20 గూడ వేస్తరు, మళ్ల 3 శాతం జీఎస్టీ. తులం హారం చేతికి వచ్చేసరికి లక్షా 29 వేలు. రాళ్లున్న నగలకైతే రాళ్ల బరువు తీసేసిన్రా లేదా అడిగి రాయించుకోవాలె.

అందుకె నేను చెప్పేది, కొత్త డిజైన్ల జోలికి పోకున్రి. పుస్తెలు, గుండ్లు, సాదా గొలుసు, కమ్మలు చేయించుకుంటే మజూరి తక్కువ పడ్తది, రేపు అవసరానికి అమ్మినా కరిగినా తక్కువ పోతది. ఇంట్ల అమ్మది, నాయినమ్మది పాత బంగారం ఉంటే తీసుకురా తమ్మీ. పాత నగలల్ల టంకం ఎక్కువ ఉంటది కాబట్టి కరిగిస్తే 22 క్యారెట్లు పూరాగ రాదు, నీ కండ్ల ముంగట కరిగించి టంచు, అంటే బంగారం ఎంత శుద్ధమో, చూపెట్టేటోని దగ్గరికే పోవాలె. మా నాయిన చేసినప్పుడు తులమంటే 11.66 గ్రాములు, ఇప్పుడు 10 గ్రాములనే తులం అంటున్నం, మీ నాయినమ్మ 2 తులాల గొలుసు అంటే అది ఇప్పటి లెక్కన రెండుంబావు దాటొచ్చు, తూకం వేయించు.

హాల్‌మార్క్ సంగతి గూడ. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణంల అమ్మే నగ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు ఉండాలె, బీఐఎస్ కేర్ యాప్‌ల ఆ నంబరు కొడితే క్యారెట్ ఎంతనో, ఏ కేంద్రంల పరీక్ష చేసిన్రో వస్తది. 2 గ్రాముల లోపు నగలకు ఆ నిబంధన లేదు. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసే మా లాంటి చిన్నోళ్లకు మినహాయింపు ఉన్నది గని ఇప్పుడు జనం ముద్ర లేకుంటే నమ్ముతలేరు, నేనే ముక్కకు 45 రూపాలు కట్టి వేయించుకొస్తున్న.

నా బాధ ఒక్కటి చెప్త. ధర పెరిగితే అవుసులోళ్లకు పండుగ అనుకుంటరు. మా బజార్ల 14 కొలుములు ఉండె, ఇప్పుడు మూడు. కొత్తగ చేయించుకునేటోళ్లు లేరు, వచ్చేటోళ్లంత పాతది అమ్ముటానికో కుదువకో వస్తున్నరు. మొన్న ఒక ముసలమ్మ ముక్కుపుడక తీసి నా చేతిల పెట్టింది. తూకం వేయనీకె చెయ్యి రాలే.


స్టూడియో_జడ్చర్ల
నవంబర్ 9, సాయంత్రం 5:45

నేను పెండ్లిల్ల ఫొటోలు, వీడియోలు తీస్త, 11 ఏండ్లు అయితుంది. ఇందాక ఆ అన్న 5 అంటే 5 అని ఊర్ల అంటరు అన్నడు కదా, ఆ ఊరు ఇప్పుడు ఫోన్ల ఉన్నది. ఎన్కట లగ్గానికి వచ్చినోళ్లే నగలు చూసేటోళ్లు, ఇప్పుడు రాని వాళ్లు గూడ చూస్తున్నరు.

ఇది చెప్పుడు నాకే మంచిగ అనిపిస్తలేదు గని చెప్త. సోమశిల కాడికో సాగర్ కాడికో ప్రీవెడ్డింగ్ షూట్‌కు పోతం, అక్కడ పిల్ల వేసుకునే నగలల్ల సగం కిరాయివి. మహబూబ్‌నగర్‌ల రోజుకు వెయ్యి, పదిహేను వందలకు పూరా సెట్టు ఇస్తరు, వడ్డాణం తోని సహా. అన్నీ వన్ గ్రామ్ గోల్డ్. మేము లైటింగ్ పెట్టి, రంగు కొంచెం ఎత్తి, స్లో మోషన్ల తీస్తే ముప్పై తులాల లెక్క కనవడ్తది. ఆ రీల్ వాళ్ల స్టేటస్ల పెడ్తరు, లక్ష మంది చూస్తరు. అగో ఆళ్లు అంత పెట్టిన్రు అని ఇంకో ఇంట్ల తల్లి అనుకుంటది. కిరాయి నగ చూసి అసలు బంగారం కొనేతందుకు అప్పు చేస్తున్నరు, నేను నా కండ్లతోని చూసిన, ఆ రెండు ఇండ్ల లగ్గాలు నేనే తీసిన. అప్పటి సంది నేను నగల మీద క్లోజప్ పెట్టుడు బంద్ చేసిన. అడిగితె మొఖాలు తీస్త అని చెప్తున్న. ఇద్దరు ముగ్గురు గిరాకి పోయిన్రు, పోనీ.


వీఓఏ_అక్క_కల్వకుర్తి
నవంబర్ 9, రాత్రి 8:30

అందరు బంగారాన్ని తిడుతున్రు గని నేను ఒప్పుకోను. 2012ల నేను చిట్టి ఎత్తి 2 తులాల గొలుసు చేయించుకున్న, మా ఆయన అప్పుడు లొల్లి చేసిండు. 2021ల ఆయనకు కరోనా వచ్చి హైదరాబాద్‌ల 12 రోజులు పండుకుంటే ఆ గొలుసే ఆదుకున్నది. చుట్టపోళ్లు ఫోన్లు ఎత్తలే, భూమి కాయితాలు చూసి ఎవలూ రాత్రికి రాత్రి పైసలు ఇయ్యరు. బంగారం ఇచ్చింది. ఆడోళ్ల పేరు మీద ఉండే ఆస్తి మన ఊర్లల్ల ఇంకేమున్నది చెప్పున్రి? భూమి మొగోని పేరు మీద, ఇల్లు మొగోని పేరు మీద. అందుకె మీ చెల్లెకు అస్సలుకే పెట్టొద్దు అనను తమ్మీ. ఎంత పెట్టాలె, ఎట్ల పెట్టాలె అన్నదే మాట్లాడాలె. పెట్టినది మీ చెల్లె చేతుల ఉంటదా, అత్తింటోళ్ల బీరువల ఉంటదా అది గూడ ముందే అడుగు.

నాకు భయం పుట్టిచ్చేది ఇంకోటి. ధర పెరిగిన కాడ్నుంచి కుదువ పెట్టుకున్న కంపెనీలోళ్లు మా సంఘం ఆడోళ్లకు ఫోన్లు చేస్తున్నరు, అమ్మా మీ బంగారం విలువ పెరిగింది, అదే నగ మీద ఇంకో 40 వేలు ఇస్తం వచ్చి సంతకం పెట్టున్రి అని. మా దాంట్ల ఐదుగురు తీసుకున్నరు. ఒకామె ఆ పైసలు తీసుకపోయి వారం సంఘం కిస్తీ కట్టింది, ఇంకొకామె కొడుకు బండి డౌన్ పేమెంట్ కట్టిండు. పెరిగిన విలువ చేతికి వచ్చినట్టే అనిపిస్తది గని అది మళ్ల అప్పే కదా, మిత్తి పెరిగింది, నగ ఇంటికి వచ్చుడు దూరమైంది. మొదటి అప్పే ముట్టలే.

కల్యాణలక్ష్మి గురించి గూడ. 2014 అక్టోబర్ 2న మొదలైనప్పుడు 51 వేలు, 2018ల లక్షా 116 చేసిన్రు. అప్పుడు ఆ పైసలకు మూడు తులాలు వచ్చేది. ఇప్పుడు ఒక్క తులం రాదు. దరఖాస్తు తప్పకుండ పెట్టుకోవాలె తమ్మీ, లగ్గమైనంకనే అయినా, మీ సేవల ఆధార్లు, లగ్గం ఫొటో అవన్ని ముందే సర్దిపెట్టుకో. కాని చెక్కు చేతికి వచ్చే వరకు ఆ పైసలు లెక్కల పట్టుకోకు.


గోల్డ్‌లోన్_కౌంటర్
నవంబర్ 9, రాత్రి 9:55

నేను ఒక బ్యాంకులో గోల్డ్ లోన్ కౌంటర్‌లో పని చేస్తా, పేరు ఊరు వద్దులెండి. అక్క చెప్పింది నూటికి నూరు నిజం. చండూరు తమ్ముడు బంగారం కొనడానికి ఉన్న బంగారం కుదువ పెట్టే ఆలోచన చేస్తాడేమో అని రాస్తున్నా, ఎందుకంటే ఈ మధ్య మా కౌంటర్ దగ్గర అది చాలా చూస్తున్నా. తల్లి గాజులు పెట్టి బిడ్డకు హారం కొంటున్నారు.

ఇప్పటి దాకా నగ విలువలో 75 శాతం వరకే అప్పు. 2026 ఏప్రిల్ నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు పూర్తిగా అమల్లోకి వస్తాయి, రెండున్నర లక్షల లోపు అప్పుకు 85 శాతం దాకా, ఐదు లక్షల లోపు 80, ఆపైన 75. చిన్న అప్పు వాళ్లకు ఎక్కువ పైసలు వస్తాయని సంబురపడొద్దు. ఏడాది చివర అసలు మిత్తి ఒకేసారి కట్టే లోన్లకు ఆ మిత్తి కూడా కలిపే లెక్క చూస్తారు. ధర పడితే మీకే నోటీసు వస్తుంది, ఇంకొంత కట్టండి లేదా ఇంకో నగ తెండి అని.

ధర పడదు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. 2013 ఏప్రిల్‌లో రెండు రోజుల్లో ఎట్లా పడిందో నేను అప్పుడే చేరిన కొత్త, మేనేజర్ మొఖం నాకు ఇంకా గుర్తుంది. 2012లో తులం 31 వేలు, 2018లో కూడా దగ్గర దగ్గర అదే 31 వేలు. ఆరేళ్లు కదల్లేదు. ఆ ఆరేళ్లు కుదువలో పెట్టి మిత్తి కట్టినవాళ్లు నగను రెండోసారి కొన్నట్టే.

ఒక మంచి సంగతి కూడా కొత్త నిబంధనల్లో ఉంది. అప్పు మొత్తం కట్టినంక ఏడు పని దినాల్లో నగ తిరిగి ఇవ్వాలి, వాళ్ల తప్పుతో ఆలస్యం అయితే రోజుకు 5 వేలు మనకు కట్టాలి. తూకం వేసేటప్పుడు మీరు అక్కడే ఉండి రాళ్లు తీసేసిన బరువు ఎంత రాశారో చీటీ తీసుకోండి.


నల్లగొండ_డిగ్రీ_పిల్ల
నవంబర్ 10, పొద్దున 8:10

సార్ వాళ్లకి ఒక డౌట్. అసలు ఇంత ఎందుకు పెరిగింది? మా కాలేజీ గ్రూపులో ఒకరేమో యుద్ధం అంటారు, ఒకరేమో ట్రంప్ అంటారు, యూట్యూబ్‌లో రోజుకొకటి చెప్తున్నారు. నిన్న పొద్దున పసిడి ప్రియులకు షాక్ అని ఉంది, సాయంత్రం అదే ఛానల్‌లో మగువలకు భారీ శుభవార్త అని ఉంది, తీరా చూస్తే తులం మీద 10 రూపాయలు తగ్గింది.


దేవరకొండ_పంతులు
నవంబర్ 10, పొద్దున 9:00

చాలా మంచి ప్రశ్న అమ్మా. మన దేశంలో బంగారం గనులు దాదాపు లేనట్టే, అంతా దిగుమతి. బయట మార్కెట్‌లో ధర ఔన్సుకు డాలర్లలో ఉంటుంది, ఔన్సంటే 31.1 గ్రాములు. మొన్న అక్టోబర్ 8న మొదటిసారి 4,000 డాలర్లు దాటింది. అంటే 10 గ్రాములకు 1,286 డాలర్లు. డాలరుకు 88 రూపాయలు వేసుకో, లక్షా 13 వేలు. దిగుమతి సుంకం 6 శాతం కలిపితే లక్షా 20 వేలకు దగ్గర, జీఎస్టీ 3 శాతం కలిపితే లక్షా 23 వేలు దాటుతుంది. నీ నోటుబుక్కులో నువ్వే చేసి చూడు. ఇందులో డాలర్ ధర పెరిగినా మనకు పెరుగుతుంది, రూపాయి బలం తగ్గినా పెరుగుతుంది, ఇప్పుడు రెండూ అయినయి. 2024 జూలై బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6కు తగ్గించారు కాబట్టి ఆ నెలలో కొంచెం దిగింది, అదీ ఎక్కువ రోజులు నిలవలేదు.

డాలర్‌లో ఎందుకు పెరిగిందంటే, దేశాల కేంద్ర బ్యాంకులే కొంటున్నయి. 2022, 2023, 2024 మూడేండ్లు వరుసగా ఏడాదికి వెయ్యి టన్నులకు పైన కొన్నయి. యుద్ధాలు, సుంకాల గొడవలు, డాలరు మీద అపనమ్మకం. చైనా బ్యాంకో పోలాండ్ బ్యాంకో కొన్న దానికి చండూరులో ఒక ఆడపిల్ల తండ్రి నిద్ర పోతలేడు. ఆయన తప్పు ఇందులో ఏమున్నది చెప్పు?

ఆ 38 శాతం వార్త సంగతి. ఆ అనలిస్టు చెప్పింది వచ్చే కొన్నేండ్ల అంచనా. ఆ కొన్నేండ్లు అన్న మాట తెలుగు హెడ్డింగుల్లో ఎగిరిపోయింది. అదే వారం పెరుగుతుందని చెప్పిన పెద్ద బ్యాంకులు కూడా ఉన్నయి, అవి ఎవరి ఫోనుకూ రాలేదు, ఎందుకంటే పడిపోతుంది అన్నదే జనం వినాలనుకున్న మాట. చండూరు తమ్మీ, మీ నాయినకు ఈ ముక్క నువ్వే చదివి వినిపించు. ఆయన ఒక్కడే మోసపోలేదు, నేనూ ఆ వీడియో మా స్టాఫ్ గ్రూపులో పెట్టినవాణ్ణే. ఇప్పుడు ఏం పంపినా తారీఖు, పూర్తి వార్త చూడకుండా పంపుతలేను.


పుట్టపాక_మగ్గం
నవంబర్ 10, మధ్యాహ్నం 2:40

మా దిక్కుకెల్లి గూడ ఒక మాట. లగ్గం ఖర్చుకు అందరి దగ్గర ఒక మూట ఉంటది కదా, ఆ మూట పెద్దగ కాలే, బంగారమే మూడొంతులు తిన్నది. ఇగ మిగిలిన దాంట్లకెల్లి కోసేది ఎవలవి? మా చీరలవి. ఎన్కట లగ్గమంటే పెండ్లిపిల్లకు, తల్లికి, మేనత్తలకు ఇక్కత్ పట్టుచీరలు తీసేటోళ్లు, ఇప్పుడు పిల్లకు ఒక్కటి తీసుకొని తక్కినోళ్లకు ప్రింటు చీరలు తెస్తున్నరు. మా డిజైనే, మిషన్ మీద ప్రింటు. 1985 చట్టం ప్రకారం కొన్ని రకాలు మరమగ్గాల మీద నేయొద్దని ఉన్నా ప్రింటుకు అడ్డం ఎవలు పోతరు. మా ఊరి తేలియా రుమాలుకు 2020ల జీఐ గుర్తింపు వచ్చింది, పేపర్లల్ల ఫొటోలు వచ్చినయి, మగ్గం గుంతల కూసున్నోళ్లు మాత్రం తగ్గుతున్నరు. ఒక చీరకు ఆసు పోసి, చిటికి కట్టి, రంగులద్ది, ఇంటిల్లిపాది చేస్తం. కొనేటోళ్లు ఆగితే మగ్గం ఆగుతది, అంతే. బంగారం కొనని నేను గూడ బంగారం ధరకు దెబ్బ తిన్న.


హాలియా_కిరాణం
నవంబర్ 10, సాయంత్రం 6:20

నెల నెల కట్టే స్కీము వేసుకో తమ్మీ, 11 నెలలు కడితే 12వ నెల దుకాణపోళ్లు వేస్తరు.


గోల్డ్‌లోన్_కౌంటర్
నవంబర్ 10, సాయంత్రం 7:05

అన్నా ఫాల్గుణానికి ఇంకా నాలుగు నెలలు కూడా లేవు, ఈ లగ్గానికి అది పనికిరాదు. ఆ స్కీములు 11 నెలలే ఎందుకంటే, 365 రోజుల లోపు సరుకు ఇచ్చేస్తే అది డిపాజిట్ కింద రాదు, అందుకని. అంటే మన పైసలకు బ్యాంకుల ఉండే ఇన్సూరెన్స్ దానికి ఉండదు. దుకాణం మూసేస్తే రసీదు పట్టుకొని తిరుగుడే. మా చిన్నమ్మకు అట్లనే 38 వేలు పోయినయి. ఫోన్లో వంద రూపాయలకు కొనే డిజిటల్ గోల్డ్ గురించి కూడా షేర్ మార్కెట్‌ను చూసే సర్కారు సంస్థ సెబీ మొన్న 8వ తారీఖే చెప్పింది, అది తమ నిబంధనల కిందికి రాదు జాగ్రత్త అని.


మద్దూరు_టు_పుణె
నవంబర్ 10, రాత్రి 11:30

నిన్న రాస్త అన్న, పని లేట్ అయింది, స్లాబ్ పోసిన్రు.

మాది నారాయణపేట జిల్లా. మా ఊరికెల్లి ముంబైకి, పుణెకు మా తాతలు పోయిన్రు, మా నాయిన పోయిండు, ఇప్పుడు నేను. మా అక్క లగ్గానికి 2017ల 3 తులాలు పెట్టినం, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, అది చాలక మా అమ్మ పుస్తెలు కుదువ పెట్టి. ఆరు నెలలల్ల విడిపిస్తం అన్నం. నూటికి రెండు రూపాల మిత్తి. ఆ తర్వాత వానలు సక్కగ పడలే, మా నాయిన కాలు ఇరిగింది, మిత్తి మీద మిత్తి అయి ఆ సేటు ఒకనాడు ఇగ అది అమ్ముడు పోయింది అన్నడు. అప్పటి సంది మా అమ్మ పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకొని తిరుగుతది. లగ్గాలకు పిలిస్తే పోదు. పోతె మెడ దిక్కు చూస్తరని. నేను వన్ గ్రామ్ గోల్డ్‌వి తెచ్చిచ్చిన, వేసుకోలె, అబద్ధం మెడల వేసుకోను కొడుకా అన్నది.

ఇప్పుడు పుస్తెలు, గుండ్లు చేయించాలంటే అర్ధ తులమన్న కావాలె, అరవై వేలు దాటుతది. నేను నెలకు ఇంటికి పంపేది ఎనిమిది వేలు. దసరాకు 4 గ్రాములు కొన్న, రూముల ఉన్నోళ్లందరికి చూపెట్టిన. ఇంకొంచెం కావాలె.

మా అక్క ఆ 3 తులాలు ఏమైనయో అడుగుతరేమో, ఆమె గూడ కుదువనే పెట్టింది, బోరు వేసిన్రు, పడలే. చండూరు అన్నా, నీ చెల్లెకు పెట్టు, గని మీ అమ్మ మెడలది ముట్టకు. గంతే చెప్త.


అవుసుల_కొలిమి
నవంబర్ 11, పొద్దున 7:50

పుణె తమ్మీ, ఆ 4 గ్రాములు పట్టుకొని సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు సూర్యాపేట దాక రా. దూరమే, అయినా రా. పుస్తెలు నేను చేసిస్త, మజూరి తీసుకోను. పుస్తెలకు 4 గ్రాములు సరిపోతయి, గుండ్లు తర్వాత ఎప్పుడన్న చేర్చుకోవచ్చు, మీ అమ్మకు ముందుగాల పుస్తెలు మెడల పడనీ.


మద్దూరు_టు_పుణె
నవంబర్ 11, రాత్రి 10:15

కాకా... వస్త. అమ్మను గూడ తీసుకొస్త.


చండూరు_పత్తిచేను
నవంబర్ 17, రాత్రి 9:10

అందరికి దండాలు. వారం నుంచి రాయలే, చెప్పుకొచ్చే పని అయినంక రాద్దామని ఆగిన.

పంతులు సార్ రాసింది నాయినకు చదివి వినిపిచ్చిన. మొత్తం విని, సారు గూడ పంపిండా అని అడిగిండు, ఇంకేం అనలె. ఆ రాత్రి అన్నం సక్కగ తిన్నడు.

తెల్లారి చెల్లెతోని కూసున్నం. మీరెవలూ అడగని మాట ఒకటి నాకు గప్పుడు తట్టింది, అసలు ఆ పిల్లకు ఏం కావాలె అని మేము మార్చి సంది అడగనే లేదు. ఆమె అన్నది, ఎకరం అమ్మితే నేను లగ్గమే చేసుకోను, నాకు అమ్మ నానుతాడు మోడల్ అంటే ఇష్టం, కొత్త హారం వద్దు అని. నాయినమ్మ పాత గొలుసు పెట్టెలకెల్లి తీసినం, అవుసుల కాకా చెప్పినట్టు తూకం వేయిస్తే 21 గ్రాములు ఎల్లింది. మేము తులం నర అనుకుంటున్నం ఇన్ని దినాలు. అమ్మ మెడలది ముట్టలే పుణె తమ్మీ.

నిన్న ఐతారం నేను, నాయిన, మా మేనమామ నకిరేకల్ అవతలికి పోయినం. సాగర్ అన్న లెక్క కాయితం మీద రాసుకొని పోయిన. చెల్లెకు కాబోయే మామ ఆ కాయితం రెండుసార్లు చదివి, 51 క్వింటాళ్లా అని వేలు పెట్టి చూసిండు, ఆయనది గూడ వరి తడిసింది. నాయిన మాట తప్పుతున్న అని తల వంచుకుంటే ఆ మామే చెయ్యి పట్టుకొని, నీ మాట నువ్వు మార్చలే బావా, ధర మార్చింది, అన్నడు. నాయినమ్మ బంగారం కరిగించి చేసేవి, దానికి తోడు కల్యాణలక్ష్మి వచ్చినంక ఒక అర తులం, అంతే. అది చెల్లె పేరున చెల్లె దగ్గరనే ఉండాలె అని మేనమామ గట్టిగ చెప్పిండు, అక్కా అది మీ మాటే. పిల్లగాడు షూట్ వద్దు అన్నడు. చెల్లెకు కాబోయే అత్తమ్మ మాత్రం ఏం మాట్లాడలే, చాయ ఇచ్చి లోపలికి పోయింది. ఆమెకు చెల్లెండ్లు ముగ్గురు ఉన్నరు, అందరి కోడండ్లకు ఎక్కువనే వచ్చినయట. ఆమెతోని మా అమ్మ ఒకసారి పోయి మాట్లాడాలె, మొగోళ్లం మాట్లాడితే అయ్యేది కాదు అది.

పుట్టపాక అన్నా, చెల్లె చీర, అమ్మ చీర, ఆ అత్తమ్మ చీర మూడు మీ దగ్గరనే తీసుకుంటం, ఎప్పుడు రావాలెనో చెప్పు.

సీసీఐకి పత్తి అమ్మనీకె ఎల్లుండి కపాస్ కిసాన్ యాప్‌ల స్లాట్ దొరికింది. మూడు రోజుల సంది బర్కల మీద ఆరబోస్తున్నం, తేమ 12 లోపల రావాలె. పొద్దున మంచు పడుతున్నది, దాని భయం ఒకటి. తొమ్మిది దాటినంకనే పట్టాలు తీస్తున్నం.